కల్లెడ నుంచి నాలుగొందల మీటర్లు

2024 సెప్టెంబర్ 3. పారిస్‌లో సాయంత్రం. మన ఊళ్లలో రాత్రి పది దాటింది. స్టాడ్ డి ఫ్రాన్స్‌లో ఊదారంగు ట్రాక్ మీద అమ్మాయిలు వంగారు. పారాలింపిక్స్, మహిళల 400 మీటర్లు, టీ20 విభాగం, ఫైనల్. వేళ్లు తెల్లగీతకు ఇవతల. కాళ్లు బ్లాకుల్లో. అంత పెద్ద స్టేడియం గప్‌చుప్. ఆ వరుసలో ఉంది జీవాంజి దీప్తి. ఇరవై ఏళ్లు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. తుపాకి ఇంకా పేలలేదు.

ముందురోజే ఓ దెబ్బ తగిలింది. తన హీట్‌లో దీప్తి 55.45 సెకన్లలో అందరికంటే ముందు వచ్చింది. ఆ సంతోషం నిలవలేదు. తర్వాతి హీట్‌లో టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96లో గీత దాటింది. ప్రపంచ రికార్డు! అప్పటిదాకా ఆ రికార్డు ఎవరిదనుకున్నారు? దీప్తిదే. మే 20న జపాన్‌లోని కోబేలో, అమెరికా రన్నర్ బ్రియానా క్లార్క్ 55.12ను చెరిపేసి 55.07 రాసుకుంది. మూడున్నర నెలలు తన పేరు మీదే ఉంది. ఫైనల్‌కు ఒక్కరోజు ముందు చెయ్యి జారిపోయింది. ఆ రాత్రి ఆ పిల్లకు నిద్ర పట్టిందో లేదో. అయితే ఒక్కటి నిజం. ఇలాంటి దెబ్బలు ఆమెకు కొత్త కాదు.

2003 సెప్టెంబర్ 27. దీప్తి పుట్టినప్పుడు తల చిన్నగా ఉంది. పెదాలు, ముక్కు కాస్త తేడాగా ఉన్నాయి. గ్రహణం వేళ పుట్టిందని తల్లి ధనలక్ష్మి చెబుతుంది. మన దగ్గర చీలిన పెదవికి పేరే గ్రహణం మొర్రి. బిడ్డలో ఏ తేడా కనిపించినా ఆకాశం మీదో, కన్నతల్లి మీదో తోసేయడం మన మాటల్లోనే ఉంది. వైద్యం ఆ మాట ఒప్పుకోదు. ఊరు మాత్రం ఎప్పుడో ఒప్పేసుకుంది. చూడ్డానికొచ్చిన వాళ్లు ఊరికే చూసి పోలేదు. పిచ్చి అన్నారు. కోతి అన్నారు. చుట్టాల్లోనే కొందరు ఇంకో మాట అన్నారు. అనాథాశ్రమంలో వేసేయమన్నారు.

తండ్రి యాదగిరి, తల్లి ధనలక్ష్మి ఆ మాట వినలేదు.

కానీ మాటలు పిల్ల వింది. తోటిపిల్లలు పిచ్చి అని వెంటపడితే ఏడ్చుకుంటూ ఇల్లు చేరేది. ధనలక్ష్మికి తెలిసిన మందు పొయ్యి మీదే ఉండేది. ఆ రోజు తియ్యటన్నం వండేది. చేతిలో నాలుగు డబ్బులుంటే కోడికూర. తిన్నాక పిల్ల మొహం విప్పారేది. అదే కౌన్సెలింగు. అంతకుమించి ఆ ఇంట్లో ఏముంది గనక? యాదగిరి కూలికి పోతే రోజుకు నూరో, నూటయాభయ్యో వచ్చేది, అది చాలకపోతే ధనలక్ష్మి కూడా పనికి పోయేది, ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉండేది, ఇంతలో యాదగిరి తండ్రి పోతే ఇల్లు గడవక ఉన్న కాస్త పొలమూ చేతులు మారింది. ఇక ఆ పిల్లకు సొంతంగా మిగిలినవి రెండు కాళ్లు.

ఆ కాళ్ల సంగతి ముందు ఊరి బడికి తెలిసింది. ఆ తర్వాత 2019లో ఖమ్మం. రాష్ట్రస్థాయి పోటీల్లో కోచ్ నాగపురి రమేశ్ కళ్లు ఈ పిల్ల మీద ఆగిపోయాయి. హైదరాబాద్ పంపించమన్నాడు. అమ్మానాన్నల దగ్గర బస్సు చార్జీలు లేవు. అంతకు మూడేళ్ల ముందే, 2016 అక్టోబర్ 11న, ఉమ్మడి వరంగల్ విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. కలెక్టరాఫీసులు దగ్గరకొచ్చాయి. హైదరాబాద్ మాత్రం ఆ ఇంటికి అంతే దూరంలో ఉండిపోయింది. కథ అక్కడే ఆగిపోయేది.

ఆగలేదు. రమేశ్ పట్టు వదల్లేదు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ చెయ్యేశాడు. పిల్లకు మేధో పరీక్షలు చేయించమన్నదీ ఆయనే. సికింద్రాబాద్‌లో ఆ పరీక్షలయ్యాయి. మేధో వైకల్యం అని కాగితం మీద రాసిచ్చారు. ఊరు తిట్టుగా వాడిన దానికి మొదటిసారి ఓ మర్యాద గల పేరొచ్చింది. ఆ పేరే తలుపు తీసింది, మేధో వైకల్యం ఉన్నవాళ్లు పరిగెత్తే టీ20 తలుపు. నిజానికి దీప్తి పుట్టేనాటికి అది మూసి ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్య విభాగం బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు బంగారు పతకం కొట్టింది. తీరా చూస్తే పన్నెండు మందిలో పదిమందికి ఏ లోపమూ లేదు. ఆ మోసానికి శిక్ష నిజంగా లోపమున్న పిల్లలకు పడింది. విభాగం మొత్తాన్నీ తీసేశారు. మళ్లీ 2012లో లండన్‌లోనే చోటిచ్చారు.

2023 అక్టోబర్, చైనాలోని హాంగ్‌జౌ. ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లు. బంగారు పతకం. చేతికొచ్చిన డబ్బుతో ఆ ఇల్లు ముందుగా చేసిన పనుల్లో ఒకటి, అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనుక్కోవడం. పొలం ఇంటికొచ్చింది. ఇక పారిస్.

తుపాకి పేలింది.

నాలుగొందల మీటర్లంటే చూసేవాళ్లకు ఒక్క చుట్టు. పరిగెత్తేవాళ్లకు మొదటి రెండొందలు గాలిలో తేలినట్టుంటుంది, మూడో వందలో తొడలు బిగుసుకుంటాయి, చివరి వందలో కాళ్లు ఎవరివో అన్నట్టు మాట వినవు, ఊపిరి గొంతులో అడ్డం పడుతుంది, అయినా చేతులు ఊపుతూనే ఉండాలి, ఎందుకంటే ఆ పక్క లేన్లలో ఉన్నవాళ్ల ఊపిరీ అలాగే అడ్డం పడుతోంది. గీత దాటారు. అందరి కళ్లూ బోర్డు మీదకు.

ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షులియర్, 55.16. నిన్న ప్రపంచ రికార్డు కొట్టిన ఓండర్, 55.23. బంగారం ఆమెకూ దక్కలేదు.

మూడోది?

55.82. జీవాంజి దీప్తి.

తన హీట్ టైమ్ కంటే నెమ్మదే. అయినా కంచు దక్కింది. మేధో వైకల్యం ఉన్న భారత క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం ఇదే మొదటిది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఆ తర్వాత అర్జున అవార్డూ వచ్చింది.

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో, మీ వాడకట్టులో బడి నుంచి ఏడుస్తూ ఇల్లు చేరే పిల్లలు ఇవాళ కూడా ఉంటారు. ముందు అన్నం పెట్టండి. ఏమన్నారో అడగండి. మీవల్ల కాకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఇరవై నాలుగ్గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పైసా ఖర్చు లేదు.