గోదావరి యొడ్డున ధ్యానారంభము

గోదావరిఖని యను పేరులో నదియు గనియు రెండును గలవు. నది నేలమీద పారును. గని నేలక్రింద సాగును. ఈ రెంటి నడుమ రామగుండము ప్రాంతమున వేలాది సింగరేణి కుటుంబములు కాపురము చేయుచున్నవి. గని కార్మికుని దినము సూర్యోదయముతో గాక షిఫ్టుతో మొదలగును. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడు లోకమంతయు మేలుకొన్న వేళ నిద్రకు ఉపక్రమింపవలెను. శరీరము అలసియుండును గాని మనసు ఇంకను పనిలోనే యుండును. నిద్ర రాదు. అది తెలిసి తోటివాడొకడు, "అన్నా, జరసేపు కండ్లు మూసుకొని ధ్యానం చెయ్యరాదు?" అనును. ఆయన గోడకు చేరగిలి కూర్చుండును. రెండు నిమిషములు గడువకముందే చిట్టీ బాకీ, బిడ్డ పెండ్లి, నిన్న గనిలో విన్న పైకప్పు చప్పుడు ఒకదానివెంట నొకటి తలలోనికి వచ్చును. ఇది మనకు పట్టుబడు విద్య కాదని లేచిపోవును.

ఇట్లు లేచిపోవువారు లెక్కకు మిక్కిలి. ధ్యానమనగా ముందే మనసు కుదుటపడినవారు చేయునదియని మనము తలచుచుందుము. కాని మన గోదావరిని పేర్కొని ధ్యానమును గూర్చి చెప్పిన ప్రాచీన గాథలలో నొకటి ఇందుకు విరుద్ధముగా నారంభమగుచున్నది. అందు మొట్టమొదట మనకు కనబడునది ధ్యానము కుదిరిన మనిషి కాదు, కుదరని మనిషి. ఆ గాథను, దాని వెనుకనున్న చరిత్రను ఈ ప్రసంగమున కొంత విచారింతము.

పాలీభాషలోని సుత్తనిపాతము బౌద్ధవాఙ్మయమున మిక్కిలి ప్రాచీనములైన గ్రంథములలో నొకటి. దాని చివరిదియగు ఐదవ భాగమునకు పారాయణవగ్గమని పేరు. పారమనగా ఆవలి యొడ్డు, అయనమనగా పోవుట. ఆవలి యొడ్డు చేరు మార్గమును చెప్పునది గావున దాని కాపేరు కలిగినది. అందలి కథానాయకుడు బావరి యను వృద్ధ బ్రాహ్మణుడు. ఆయన కోసలదేశమునుండి దక్షిణాపథమునకు వచ్చి, అస్సక జనపదమున గోదావరి తీరమున ఆశ్రమము కట్టుకొనెను. వేదవేత్త, ఎందరికో గురువు. దగ్గరనున్న గ్రామమువలన వచ్చిన ఆదాయముతో గొప్ప యజ్ఞము చేసి, ఉన్నదంతయు దానమిచ్చెను.

అంతట కాళ్లు పగిలి, తలనిండ దుమ్ముతో వేరొక బ్రాహ్మణుడు వచ్చి ఐదువందల నాణెములిమ్మని యడిగెను. ఇచ్చుటకేమియు మిగులలేదని బావరి చెప్పెను. ఇయ్యనిచో ఏడవనాడు నీ తల ఏడు వ్రక్కలగునని ఆ వచ్చినవాడు శపించెను. నాటినుండి బావరి అన్నము మానెను, చిక్కిపోయెను. అతని మనసు ధ్యానమున నిలువలేదని గాథ దాపరికము లేక చెప్పుచున్నది. అప్పుడొక దేవత కనబడి, శపించినవాడు వట్టి ధనాశాపరుడనియు, తల యననేమో తల పగులుట యననేమో వానికి తెలియదనియు, తెలిసినవాడు ఉత్తరదేశమున శాక్యముని కలడనియు చెప్పెను. బావరి తన శిష్యులలో పదునార్గురను ఆయనకడకు పంపెను.

ఈ వృత్తాంతమున మనము గమనింపదగిన విషయములు మూడు. జీవితమంతయు సాధనలో గడపిన వృద్ధునికి సైతము ఒక భయము కలుగగానే ధ్యానము తప్పినది. ఆ భయము ఏ పరలోకమునుండియో వచ్చినది కాదు. లేని సొమ్ము ఇమ్మని వాకిట నిలిచిన మనిషి వలన వచ్చినది. గురుస్థానమున నున్నవాడైనను ఆయన తన అశాంతిని దాచుకొనక, తెలిసినవారి నడిగి రమ్మని శిష్యులను పంపెను.

ఈ ఆశ్రమము ఎచ్చట నుండెను? అస్సక జనపదపు ముఖ్యపట్టణము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. బావరి ఆశ్రమము నిర్మల్ జిల్లాలో గోదావరి నడుమనున్న బాదనకుర్తి దీవియందుండెనని కొందరు చెప్పుదురు. ఆ దీవిని దాటిన జలమే ధర్మపురిని, కోటిలింగాలను ఒరసికొని రామగుండము చేరుచున్నది. బావరిని వర్ణించు ఉపోద్ఘాత గాథలు ప్రశ్నోత్తరములకంటె తరువాత చేరినవని పండితులు భావించుచున్నారు. పారాయణమునకు ప్రాచీన వ్యాఖ్యయగు చుల్లనిద్దేసము వానిని వ్యాఖ్యానింపకపోవుటయే వారు చూపు నిదర్శనము. అట్లయినను ఈ నదీతీరమునకు ధ్యానవిచారమును ముడిపెట్టినవారు ప్రాచీనులేయనుటలో సంశయము లేదు.

పదునారుగురు శిష్యులును ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, కపిలవస్తు, వైశాలి మీదుగా నడచి మగధదేశమున బుద్ధుని కలిసికొనిరి. మొదట గురువు సందేహమే అడిగిరి. అవిద్యయే ఆ తల యనియు, శ్రద్ధ, స్మృతి, సమాధి మొదలగువానితో కూడిన విద్యయే దానిని పగులగొట్టునదియనియు సమాధానము వచ్చెను. భయపెట్టిన మాటకే భయము తీర్చు అర్థము దొరకినది.

తరువాత ఒక్కొక్కరు తమ తమ ప్రశ్న లడిగిరి. అజితుడు లోకమున నలుదిక్కుల పారుచున్న ప్రవాహములను ఆపునదేదియని యడుగగా, స్మృతియే వానికి అడ్డుకట్టయని బుద్ధుడు చెప్పెను. స్మృతి యనగా జ్ఞాపకశక్తి మాత్రమే కాదు. ఇప్పుడు జరుగుచున్నదానిని ఎరుకతో నుండి గమనించుట. ఎల్లంపల్లి వద్ద గోదావరికి కట్టిన ఆనకట్టను ఎరిగిన మనకు ఈ పోలిక సుబోధము. ఆనకట్ట నీటిని పుట్టకుండ చేయదు. వచ్చిన నీరు ఊరిమీద పడకుండ నిలుపును. ఆలోచనలు రాకుండుట ధ్యానము కాదు. వచ్చినదానిని వచ్చినట్లెరుగుట ధ్యానము. ఉపసీవుడు తాను ఒంటరిగా, ఆలంబనము లేక ఇంత పెద్ద వెల్లువను దాటలేననియు, పట్టుకొనుటకేదైన చూపుమనియు వేడెను. అట్లడుగుటకు నిన్నెవరు తగదనిరి? బుద్ధుడు ఆయనకొక ఆలంబనమును చూపెను. మోఘరాజు రెండుమారులడిగినను ప్రత్యుత్తరము పొందక, మూడవమారడిగి పొందెను. ఆరంభకునకు ఆధారము కావలెననుట తప్పు కాదనియు, మొదటిమారు ఫలింపకున్న మరల అడుగవలెననియు ఈ ఇద్దరి కథలు బోధించుచున్నవి.

ఈ బోధ మన ప్రాంతమున గ్రంథములందు మాత్రమే నిలిచినది కాదు. రామగుండమున్న పెద్దపల్లి జిల్లాలోనే ఎలిగేడు మండలమున ధూళికట్ట యను గ్రామము కలదు. 1970వ దశకమున పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వగా, శాతవాహన కాలపు మట్టికోటతోబాటు ఒక బౌద్ధస్తూపము బయల్పడినది. దానికి తాపిన సున్నపురాతి ఫలకములలో ముచలింద నాగుని శిల్పము ప్రసిద్ధము. బుద్ధుడు ధ్యానమున నుండగా గాలివాన క్రమ్మెననియు, ముచలిందుడు పడగ విప్పి ఆయనను కాచెననియు కథ. ధ్యానమునకు కూర్చున్నంతమాత్రమున వాన ఆగలేదని, ఎవరో ఒకరు గొడుగు పట్టవలసివచ్చెనని ఆ శిల్పము నేటికిని చెప్పుచున్నట్లుండును.

మరి ఆరంభకుడు పట్టుకొనదగిన ఆలంబనమేది? బౌద్ధులు చెప్పినవానిలో అందరికిని అందుబాటులో నున్నది శ్వాస. దీనిని ఆనాపానస్మృతి యందురు. క్రీస్తుశకము 5వ శతాబ్దమున సింహళమున బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమార్గమున శ్వాసను లెక్కించు పద్ధతి వివరముగా నున్నది. క్రొత్తవాడు మొదట ధాన్యము కొలుచువానివలె నిదానముగా లెక్కింపవలెననియు, ఐదుకు తక్కువగా ఆపరాదనియు, పదికి మించిపోరాదనియు ఆయన నియమించెను. ఐదుకు లోపల ఆపినచో ఇరుకుదొడ్డిలోని పశువులవలె మనసు పెనగులాడును. పదిని దాటినచో శ్వాసను విడిచి అంకెను పట్టుకొనును. మన రైతు కల్లములో మొదటి కుంచము కొలుచుచు "ఒకటి" అనక "లాభం" అనును. తొలి శ్వాసను గమనించినవాడు సైతము అట్లే అనుకొనవచ్చును. పదవ శ్వాస వరకు చేరకున్నను మొదటిది లాభమే.

కాలక్రమమున తెలుగునాట బౌద్ధారామములు పాడుపడినవి. ఈ పద్ధతి బర్మా, సింహళము వంటి దేశములలో నిలిచినది. ఇచ్చట నేలక్రింద మరియొక సంపద బయల్పడినది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1960వ దశకమున గోదావరి యొడ్డున గనులు, వానివెంట గోదావరిఖని పట్టణము పెరిగినవి.

ఆ పాత పద్ధతి తిరిగి వచ్చుటకు కారణము సైతము ఒక తలబాధయే. 1924లో మాండలేలో జన్మించిన సత్యనారాయణ గోయెంకా వ్యాపారి. తీవ్రమైన తలనొప్పితో బాధపడుచు దేశదేశముల వైద్యులను దర్శించియు గుణము కానక, 1955లో రంగూనునందు ఊ బా ఖిన్ అను గురువును ఆశ్రయించెను. ఆ గురువు అడవిలోని ముని కాడు. స్వతంత్ర బర్మా ప్రభుత్వమున అకౌంటెంటు జనరలుగా పనిచేసిన గృహస్థు. తలనొప్పి మాన్పుకొనుటకే యైనచో రావలదని ఆయన మొదట నిరాకరించి, మనసు శుద్ధి చేసికొనుటకైనచో రమ్మనెను. గోయెంకా 1969లో భారతదేశమునకు వచ్చి, ఆ యేటనే బొంబాయిలో తొలి శిబిరము నడిపెను. 1976లో హైదరాబాదున నాగార్జునసాగరు మార్గమున ధమ్మఖేత్త కేంద్రము వెలసినది. అందలి పదిదినముల శిబిరమున రుసుము లేదు, మౌనము నియమము. మొదటి మూడు దినములు శ్వాసను గమనించుటయే అభ్యాసము. గోదావరి తీరమునుండి ప్రశ్న తీసికొని మగధకు నడచిపోయిన దారిలో, ఇన్ని శతాబ్దములకు సమాధానము తెలుగునాటికి మరల వచ్చినదని మనము చెప్పుకొనవచ్చును.

అంత దూరము పోలేనివారు ఇంటనే ఆరంభింపవచ్చును. గనిలోనికి దిగు ప్రతి మనిషిని లెక్కించి లోనికి పంపుదురు. షిఫ్టు ముగియగానే పైకి వచ్చినవారిని మరల లెక్కింతురు. ల్యాంపు రూములో దీపము తీసికొని మరల అప్పగించుట మన ఇండ్లవారందరు ఎరిగినదే. శ్వాసయెడల చేయవలసినదియు ఇంతియే. లోనికి పోయినదానిని, వెలికి వచ్చినదానిని ఎరుకతో లెక్క చూడవలెను. శ్వాసను బిగబట్టనక్కరలేదు, పొడిగింపనక్కరలేదు. నేలమీద కూర్చుండలేనివారు కుర్చీలో కూర్చుండవచ్చును. లెక్క తప్పినచో కోపగింపక మరల మొదటినుండి లెక్కింపవలెను. తప్పితిమని తెలిసిన క్షణమే స్మృతి మరల మేలుకొన్న క్షణము. మొదట పది నిమిషములు చాలును.

ఒక్క మాట మాత్రము మరువరాదు. ధ్యానము చేయుచున్నాడుగదా యని గనిలో గాలి సరిగా ఆడకున్నను, బొగ్గుదుమ్ము పెరిగినను ఓర్చుకొనుమనుట ధర్మము కాదు. ఉపిరితిత్తుల దగ్గునకు వైద్యుడు కావలెను; అప్పునకు మార్గము కావలెను; వారములతరబడి నిద్రలేమియు దిగులును వీడనిచో దానికిని వైద్యుని సలహా కావలెను. కూర్చున్నకొలది కలత హెచ్చువారు దానిని కొంతకాలము మానుట మంచిది. బావరిని సైతము దేవత కన్నులు మూసికొని భరింపుమనలేదు. ఆ బెదిరింపు ఉత్తదియని ముందు తెలియజెప్పినది.

పదునార్గురు శిష్యులలో చివరివాడు పింగియుడు. ముసలివాడు, బలముడిగి, చూపు మందగించి, వినికిడి తగ్గినవాడు. ఆయన మరలివచ్చి గురువునకు జరిగినదంతయు నివేదించెను. శరీరము శిథిలమగుటచే తాను బుద్ధునికడకు మరల పోజాలననియు, అయినను రాత్రింబవళ్లు మనసుతో ఆయనను దర్శించుచునే యుందుననియు చెప్పెను. దీర్ఘకాలము గనిలో శ్రమించి, మోకాళ్లు సహకరింపక వాకిట మంచముమీద కూర్చున్న విశ్రాంత కార్మికులు గోదావరిఖని వీధులలో ఎందరో కలరు. పింగియుని మాట వారికి క్రొత్తది కాదు. నడువలేనివానికి సైతము నడువదగిన దారి యొకటి కలదని ఈ నది చాలకాలమునుండి ఎరుగును. ఆ దారి మొదటి యడుగు, మనసు నిలుచుటలేదని బావరివలె ఒప్పుకొనుటయే.