చేతిరాత అచ్చులో పడితే

కడప జిల్లా వల్లూరు 13వ శతాబ్దంలో కాయస్థ నాయకుల రాజధాని. దానికి ఎంతో దూరం లేని కలమళ్ళలో సుమారు 575 నాటి శాసనం ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనంగా దాన్ని లెక్కిస్తున్నారు. అందులో రేనాటి చోళరాజు ధనంజయుడి పేరుంది. ఉలి పట్టినవాడి పేరు మనకు అందలేదు. అక్షరం గీసేవాడి స్థితి ఆ తర్వాత కూడా పెద్దగా మారలేదు గనుకనే ఈ పాత సంగతి ఎత్తుతున్నాను.

తెలుగు లిపి అచ్చుకు లొంగడం కష్టం. ఒత్తులూ గుణింతాలూ కలిపి వందల సీసపు అక్షరాలు కావాలి. అందుచేత శీర్షిక కాస్త కళగా ఉండాలంటే చిత్రకారుడు చేత్తో గీయాలి, దాన్ని బ్లాకు చేయించాలి. బాపు (1933-2014) పత్రికలకూ, సినిమా పేర్లకూ గీసిన అక్షరాలు అందరికీ తెలిసినవే. ఊళ్ళలో అదే పని బోర్డు పెయింటరు చేసేవాడు. గోడ చాలకపోతే ఒత్తును పై అక్షరం కడుపులోకి దూర్చేవాడు. చోటు మిగిలితే దీర్ఘాన్ని తీగలా సాగదీసేవాడు. ఒకే పేరులో రెండు ‘ర’లుంటే రెండూ ఒక్కలా ఉండేవి కావు. అది లోపమని ఎవరూ అనుకోలేదు.

2013 ప్రాంతంలో సిలికానాంధ్ర సంస్థ కొన్ని తెలుగు ఫాంట్లను ఉచితంగా విడుదల చేసింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు - ఇట్లాంటి పేర్లు వాటికి. వాటిలో ‘లక్కిరెడ్డి’ అనేది చేతిరాతలాగా, కొంటెగా గీసినది. పుస్తకమంతా దానితో వేస్తే చదవలేము. శుభలేఖకూ, పోస్టరుకూ, పిల్లల పుస్తకం అట్టకూ ముచ్చటగా ఉంటుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉంది గనుక ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. ఆర్టిస్టుకు డబ్బిచ్చుకోలేని చిన్న ప్రెస్సువాడికి కూడా ఈ సొగసు దక్కింది. దీన్ని నేను తక్కువగా చూడను.

అయితే ఉమ్మడి సొత్తు అయింది అక్షరమే, కూలి కాదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డు పెయింటరు పని పోగొట్టాయి. నేరం ఫాంటుది కాదు. ఈ ఫాంటు లేకపోయినా ఫ్లెక్సీ వచ్చేదే. కానీ ఎవరి పని పోయిందో వాళ్ళ చేతి చలాకీనే ఫ్లెక్సీ ఇట్లాంటి ఫాంట్ల ద్వారా ఎరువు తెచ్చుకుంటున్నది. తెచ్చుకున్నది రూపం మాత్రమే. వందసార్లు కొట్టినా ‘ర’ వంపు ఒక్కటే. మొదటిసారి నవ్వించిన కొంటెతనం నూరోసారికి కంటికి ఆనదు. సందర్భం చూసే కన్ను దానికెట్లాగూ లేదు. కర్మాంతరం ఫ్లెక్సీమీద అట్లాంటి అక్షరాలు గంతులు వేస్తుండగా చూశాను! పెయింటరైతే, “ఏం కార్యమన్నా?” అని అడిగి మరీ కుంచె ముంచేవాడు.

ఫాంటు గీసినవాడి పేరు ఫైలులోపల ఉంటుంది, ఫ్లెక్సీ చూసేవాడికి కనిపించదు. పెయింటరు మాత్రం గోడ మూలన తన పేరు రాసి పక్కన ‘ఆర్ట్స్’ అని తగిలించేవాడు. కలమళ్ళ శిల్పికి దక్కనిది అతనికి ఆ మాత్రమైనా దక్కింది. మిగిలిన గోడలకు సున్నం కొట్టకముందే ఆ రాతలను ఫోటోలు తీయాలి. వాటినుంచి ఫాంట్లు గీస్తే ఆ పెయింటర్లకు ప్రతిఫలం ఇచ్చి, వాళ్ళ పేర్లే వాటికి పెట్టాలి.