చాక్లెట్టు ఉండ వెనుకనున్న చరిత్ర

చాక్లెట్టును వేడి మీగడతో కలిపి, చల్లార్చి, ఉండలుగా చుట్టి కోకో పొడిలో దొర్లించినచో ‘ట్రఫుల్’ అను మిఠాయి తయారగును. ఫ్రాన్సు దేశమున ఓక్ చెట్ల వేళ్ళ వద్ద భూమిలో పెరుగు ఒక విలువైన శిలీంధ్రము పేరది. మన్ను అంటిన ఆ శిలీంధ్రమును పోలియుండుటచే మిఠాయికిని ఆ పేరే వచ్చినది. సున్నియుండలు చుట్టగల వారెవరైనను నేడు దీనిని ఇంటిలో చేయగలరు. కాని రెండువందల యేండ్ల క్రిందట ఇంత నునుపైన చాక్లెట్టు రాజులకు సైతము లభించెడిది కాదు. కారణమేమి?

కోకో చెట్టు అమెరికా ఖండమునకు చెందినది. మాయా, అజ్టెక్ ప్రజలు దాని గింజలను వేయించి, నూరి, నీటిలో కలిపి నురుగుతో త్రాగెడివారు. ఆ గింజలే నాణెములుగా చెల్లెడివి. 1519లో కోర్టెజ్ మెక్సికోపై దండెత్తిన పిదప ఈ పానీయము స్పెయిన్ చేరి, చక్కెరతో కలిసి యూరపులో వ్యాపించినది. ఆ చక్కెర తోటలలోను, కోకో తోటలలోను చెమటోడ్చినవారిలో ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారెందరో కలరు. 1753లో లినేయస్ ఈ చెట్టునకు ‘థియోబ్రోమా’, అనగా ‘దేవతల ఆహారము’ అని పేరు పెట్టెను. దేవతల ఆహారమును పండించిన మానవుల కన్నీటిని చరిత్ర విద్యార్థి మరువరాదు.

కోకో గింజలో సుమారు సగము కొవ్వే. నీటిలో కలిపినపుడు అది జిడ్డుగా పైకి తేలెడిది. 1828లో హాలెండుకు చెందిన వాన్ హౌటెన్ కుటుంబము, యంత్రముతో గట్టిగా నొక్కి కొవ్వులో చాల భాగమును వేరుచేయు పద్ధతికి పేటెంటు పొందెను. మిగిలిన పిండియే కోకో పొడి. మరి వేరైన కొవ్వు ఏమైనది? 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ ఆ కొవ్వునే కోకోతోను, చక్కెరతోను కలిపి అచ్చులలో పోసెను. పానీయము బిళ్ళయైనది! 1875లో స్విట్జర్లాండున డేనియల్ పీటర్ దానికి పాలు చేర్చెను. 1879లో లింట్, ముద్దను గంటలకొలది మర్దించు యంత్రముతో గరుకుదనమును పోగొట్టెను.

కోకో వెన్న ఆరు విధములైన స్ఫటిక రూపములలో గడ్డకట్టునని 1966లో విల్లీ, లటన్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. వానిలో మిఠాయివారు కోరునది ఐదవ రూపము. అది ఇంచుమించు 34 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. మన నోటి వేడి అంతకంటె కొంచెము హెచ్చు. అందుచేతనే చాక్లెట్టు చేతిలో గట్టిగా నుండి నాలుకపై కరగును; మన వేసవిలో మాత్రము అంగడిలోనే కరగిపోవును!

నేను మొదటిసారి ట్రఫుల్ చేయబూనినపుడు గిన్నెలో కొంచెము తడి యుండెను. కరగిన చాక్లెట్టు వెంటనే బిరుసెక్కి ముద్దకట్టినది. కొద్దిపాటి నీరు చక్కెర రేణువులను తడిపి, ఒకదానికొకటి అంటుకొనునట్లు చేయును. మరి మీగడలోను నీరే కదా యున్నది? నిజమే. కాని అచట నీరు చాలినంత యుండుటచే చక్కెర అందులో కరగును. కొవ్వు సన్నని బిందువులై ఆ నీటిలో నిలిచియుండును. పాలవలె ఇదియు ఒక ఎమల్షనే.

కనుక పొడి గిన్నెలో 200 గ్రాముల చాక్లెట్టును సన్నగా తరిగి యుంచుడు. 100 గ్రాముల పాలక్రీమును అంచున బుడగలు వచ్చువరకు కాచి దానిపై పోయుడు. రెండు నిమిషములు ఆగి, నడుమనుండి మెల్లగా కలుపుడు. గట్టిపడువరకు ఫ్రిజ్‌లో నుంచి, తరువాత ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లింపుడు. వీనిని చల్లని చోటనే యుంచి, కొలది దినములలోనే తినవలెను.

నేడు గోదావరి ప్రాంతమున కొబ్బరి తోటల నీడలో కోకో అంతరపంటగా పండుచున్నది. వీలున్న ఉపాధ్యాయులు ఒక కోకో కాయను కోసి విద్యార్థులకు చూపుదురుగాక. ఆ చేదు గింజనుండి ఈ తీపి ఉండ వరకు ఎందరి శ్రమయు, ఎందరి బుద్ధియు కలిసినవో అప్పుడు బోధపడును.