హెచ్చరిక ఎవరికి చేరవలెను? పురుగుమందుల విషయమున ఉత్పత్తిదారుని, విక్రేతయొక్క బాధ్యత

పత్తిచేలయందు పురుగుమందు వాడకమున మువ్వురు వేర్వేరు మనుష్యులు కలరని గుర్తింపనిచో హెచ్చరికలను గూర్చిన న్యాయచర్చ యంతయు నిరాధారమగును. అంగడికి పోయి డబ్బాను కొనితెచ్చు రైతు ఒకడు. ఆ మందును నీట కలిపి, తైవాను పంపును వీపునకు తగిలించుకొని, చాళ్లవెంట నడచుచు తుంపరలలో తడియు కూలివాడు మరియొకడు. ఖాళీయైన డబ్బాను కడిగి యింట వాడుకొను ఇల్లాలు ఇంకొకతె. లేబులుపై అచ్చుపడిన హెచ్చరిక నిశ్చయముగా చేరునది మొదటివాని చేతికి మాత్రమే; ప్రమాదమో, తక్కిన యిరువురను వెదకికొని పోవును. హెచ్చరికను ముద్రించినంతనే ఉత్పత్తిదారుని ధర్మము తీరునా, లేక హానికి లోనుకాగలవానికి అది చేరువరకు తీరదా యనునదే ఇచటి ప్రశ్న. తీరదనియే నా నిశ్చితాభిప్రాయము.

మన శాసనములకు ఈ విషయమున దుఃఖకరమైన పూర్వకథ కలదు. 1958లో కేరళయందును మద్రాసు రాష్ట్రమునందును పారాథియాన్ విషము సోకిన ఆహారమును తిని నూరుమందికి పైగా మరణింపగా, ఆ ఘోరము రేపిన ఆలోచనయే క్రమముగా 1968 నాటి కీటకనాశినుల చట్టముగను, 1971 నాటి నియమావళిగను రూపొందినది. నియమావళి ముద్రణ విషయమున మిక్కిలి శ్రద్ధ వహించినది: లేబులుపై 45 డిగ్రీల కోణమున నిలిపిన చతురస్రము, దాని క్రిందిసగమున విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులు, హిందీ ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయభాషలో లేబులు, విషలక్షణములను ప్రథమచికిత్సను తెలుపు కరపత్రము — ఇన్నియు విధింపబడినవి. ఆకుపచ్చను చూచినవాడు నిరపాయమనుకొనుట సహజము. కాని ఆ రంగు ప్రాణహరమగు మోతాదును బట్టి నిర్ణయింపబడినదే గాని, సంవత్సరముల తరబడి కొద్దికొద్దిగ ఒంటికి పట్టు విషము చేయు హానిని తెలుపునది కాదు.

హెచ్చరిక చేరుటను గూర్చి లోతుగా యోచించినవి ఇంగ్లండు న్యాయస్థానములు. 1903 నాటి క్లార్క్ వ్యాజ్యమున, క్లోరినేటెడ్ సున్నపు డబ్బాల మూతలు తీయునపుడు పొడి చిమ్మి కొందరికి హాని కలిగినదని ముందే ఎరిగియుండియు కొనుగోలుదారును హెచ్చరింపని విక్రేత బాధ్యుడని తీర్పు వెలువడినది. 1937 నాటి కుబాక్ వ్యాజ్యము మరింత విచారణీయము. మాంగనీసు డయాక్సైడు పేర అమ్మబడిన చూర్ణమున ఆంటిమొని సల్ఫైడు కలసియుండుటచే పాఠశాల ప్రయోగశాలలో పేలుడు సంభవించి ఒక విద్యార్థిని గాయపడినది. ఉపయోగించుటకు ముందు పరీక్షించుకొనవలెనని సరఫరాదారు తన ఇన్వాయిసుపై వ్రాసియుండెను. మధ్యనున్న విక్రేత పరీక్షింపలేదు, ఆ మాటను పాఠశాలకు చేరవేయనులేదు. విక్రేత బాధ్యుడయ్యెను, సరఫరాదారు విముక్తుడయ్యెను. ఈ రెండవ ఫలితమును చూపి మన ఉత్పత్తిదారులు ఊరటచెందరాదు. ఏలయన అచటి విక్రేత రసాయనములను పరీక్షింపగల వ్యాపారి, హెచ్చరికను ముందుకు చేరవేయునని నమ్మదగినవాడు. నమ్మదగిన మధ్యవర్తి లేనిచోట ఆ విముక్తికి ఆధారమే లేదు. ఇక వాక్‌వెల్ వ్యాజ్యమున, బోరాన్ ట్రైబ్రొమైడు ఆవిరి హానికరమని లేబులు చెప్పెనే గాని, నీటితో కలిసిన విస్ఫోటించునని చెప్పలేదు. ఆ సంగతి పూర్వపు శాస్త్రసాహిత్యమున కలదు. ఒక శాస్త్రవేత్త ప్రాణము పోయినది. సగము చెప్పిన హెచ్చరిక హెచ్చరిక కాజాలదు.

మన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, 2020 జూలై 20 నుండి, ఈ సూత్రములకు శాసనరూపమొసగినది. హానిని నివారించుటకు తగిన సూచనలుగాని, అపసవ్య వినియోగమును గూర్చిన హెచ్చరికగాని లేనిచో 84వ సెక్షను ఉత్పత్తిదారుని బాధ్యుని చేయుచున్నది. ఉత్పత్తిదారుని హెచ్చరికలను అమ్మకపు వేళ చేరవేయని విక్రేతను, ఆ లోపమే హానికి సమీపకారణమైనపుడు, 86వ సెక్షను బాధ్యుని చేయుచున్నది. పల్లెలలో ఈ రెండవ నిబంధనకుగల ప్రాముఖ్యము అపారము. రైతు తెగులు సోకిన ఆకును తెచ్చి డీలరుకు చూపును. ఏ మందు కొట్టవలెనో, ఏ రెంటిని కలుపవలెనో డీలరే చెప్పును. కలిపిన ద్రవమును గూర్చి రెండు లేబులులును మౌనము వహించుచుండగా దానికి హెచ్చరిక చేయదగినవాడు ఆ కలయికను సూచించినవాడే. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో డీలర్లకై వ్యవసాయ విస్తరణ డిప్లొమాను ప్రారంభించుట, డీలరు సలహాదారు కూడనన్న సత్యమును అంగీకరించుటయే.

చిక్కంతయు 87వ సెక్షనునందు కలదు. యజమాని పనిచోట వాడుటకై కొనిన వస్తువు విషయమున ఆ యజమానికి హెచ్చరిక ఒసగియుండినచో, హెచ్చరికలేమిపై ఉత్పత్తిదారుని నిలదీయరాదని అది పలుకుచున్నది. రెండెకరముల రైతు యజమానియు, అతని చేను పనిచోటు నగునేని కూలివాని దావా అచటనే అంతరించును. ఈ అన్వయము తగదు. స్వయముపాధిచే జీవించువాడు వినియోగదారుడేయని ఆ చట్టమే చెప్పుచున్నది. విత్తనములు కొనిన ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారులేయని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2012లో తీర్పుచెప్పియున్నది. దావావేయుటకు వినియోగదారుడైనవానిని, ప్రతివాది రక్షణకై కర్మాగారపు యజమానిగా మార్చుట న్యాయము కాదు. కొనుగోలుదారుని సమ్మతితో వస్తువును వాడువాడును వినియోగదారుడేయని నిర్వచనము చెప్పుచుండుటచే కూలివానికిని దావాహక్కు కలదు. 2017లో ఆదిలాబాదును ఆనుకొనియున్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందుకొట్టుచు ఇరువదిమందికి పైగా మృతిచెందుట తలచినపుడు, ఈ హక్కును కుదించు వ్యాఖ్యానమును నేనంగీకరింపజాలను.

మూడవ వ్యక్తికి హెచ్చరిక మరింత నిష్ఫలము. ఖాళీడబ్బాలను పగులగొట్టి జనావాసములకు దూరముగా పూడ్చవలెనని నియమావళి ఆజ్ఞాపించుచున్నది. అయినను 2013 జూలైలో బీహారునందలి గండామన్ గ్రామమున మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణింపగా, ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలదని పరీక్షలో తేలినది. గట్టి మూతగల డబ్బా పేదయింట పారవేయబడదని ఉత్పత్తిదారునికి తెలియును. రూపకల్పనచే తొలగింపగల అపాయమును హెచ్చరికతో సరిపెట్టరాదని అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1998లో ప్రకటించిన సూత్రము ఇచట అక్షరశః అన్వయించును: డబ్బాను తిరిగి వాడ వీలులేనట్లు చేయుటయో, తిరిగి సేకరించుటయో అతని విధి.

కూలివానిని చేరుట అసాధ్యమను వాదము ప్రత్యుత్తరముగా రాగలదు. గ్రామగ్రామమున ప్రదర్శనక్షేత్రములు నెలకొల్పి, గోడలపై ప్రకటనలు వ్రాయించి, రైతుసభలు జరిపి తమ మందును అమ్ముకొను సంస్థలకు ఆ త్రోవ సుపరిచితమే. అమ్మకమునకై అదే ఊరికి ఎన్నిమారులు పోయిరో, చేతితొడుగులను గూర్చియు డబ్బాలను గూర్చియు చెప్పుటకై ఎన్నిమారులు పోయిరో ఆ రెండు లెక్కలను సంస్థచేతనే న్యాయస్థానమున దాఖలు చేయింపవలెను.