జమ్మికుంట నేల, ఉన్ని బంతి

మా ఊరి గురించి ఎవరు రాసినా నాలుగు సంగతులు తప్పవు: పత్తి మార్కెట్, రైల్వే స్టేషను, ఇల్లందకుంట రామాలయం, బిజిగిర్ షరీఫ్ దర్గా. ఎన్నికల కాలమైతే హుజూరాబాద్ రాజకీయం అయిదోది. ఆటల ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా అది క్రికెట్ దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో నెట్టు కట్టి, అటు ఇటు నిలబడి ఆడే ఆటలు మా వైపు హైస్కూలు గ్రౌండ్లలో ఎన్ని సాయంత్రాలను నడిపించాయో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే ఆ సంగతి రాసిపెడదామని ఈ ప్రయత్నం.

ముందు టెన్నిస్ సంగతి. నేను చదువుకునే రోజుల్లో మా ఊళ్లో టెన్నిస్ రాకెట్ పట్టుకున్న మనిషిని చూడలేదు. పేపర్లో వింబుల్డన్ ఫోటో చూసేవాళ్లం, అంతే. టెన్నిస్ అంటే కలెక్టర్లు, ఇంజనీర్లు, పెద్ద ఆఫీసర్ల క్లబ్బుల ఆట. జిల్లా కేంద్రంలోనో, సింగరేణి బొగ్గు గనుల ఊళ్లలోనో ఉండేది. మాది మార్కెట్ ఊరు. క్లబ్బులు కట్టే దొరలు ఇక్కడ కాపురం పెట్టలేదు, కాబట్టి టెన్నిస్ రాలేదు అనుకుంటూ ఉండేవాణ్ని. డబ్బు, హోదా దీనికి కొంత కారణమే. అసలు కారణం మా కాళ్ల కింద ఉందని నా వాదన.

టెన్నిస్ కోర్టు డబుల్స్‌కు 23.77 మీటర్ల పొడవు, 10.97 మీటర్ల వెడల్పు ఉంటుంది. మా గ్రౌండ్లలో ఆడిన బాల్ బ్యాడ్మింటన్‌కు కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. అంటే మా ఆటకు స్థలం తక్కువ పట్టదు, పైగా ఒక పిసరు ఎక్కువే. కాబట్టి జాగా లేక టెన్నిస్ రాలేదన్న మాట నిలబడదు. తేడా బంతి ఎగరడంలో ఉంది. టెన్నిస్‌లో బంతి నేలను తాకి పైకి లేవాలి, లేచింది ఎటు పోతుందో ఆడేవాడికి అంచనా ఉండాలి. అందుకు నేల అద్దంలా ఉండాలి. మన దేశంలో మట్టి కోర్టు చేయాలంటే మట్టిని జల్లించి, తడిపి, రోలరు లాగి, కొన్ని చోట్ల పేడతో అలికి, రోజూ ఒక మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. మాది పత్తి పండే నేల. నల్లరేగడి ఎండాకాలం అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం చెప్పుకు అంటుకుని కూడా వస్తుంది. పక్కనున్న చెల్క భూమి రాళ్లతో నిండి ఉంటుంది. వరంగల్ ఎనుమాముల తరువాత పత్తికి ఇంత పేరున్న మార్కెట్‌ను మాకు ఇచ్చిన ఆ నేలే, మా పిల్లలకు టెన్నిస్‌ను ఇవ్వలేదు.

బంతి నేలను అసలు తాకకూడని ఆటకు నెర్రెలు అడ్డం కావు. బాల్ బ్యాడ్మింటన్, రబ్బరు రింగుతో ఆడే రింగ్ టెన్నిస్ రెండూ అలాంటివే. నేల మీద సున్నంతో గీతలు, రెండు కర్రలు, ఒక నెట్టు ఉంటే చాలు. కింద ఏముందో బంతికి అక్కర లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఆట ఒకటి ఐరోపాలో ఉంది. ఇప్పటి టెన్నిస్‌కు తాత అనదగిన ఆ పాత టెన్నిస్‌ను రాజుల కోటల్లో నాలుగు గోడల మధ్య ఆడేవారు. లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఇప్పటికీ ఆడుతున్నారు. 1789 జూన్ 20న ఫ్రెంచ్ ప్రజాప్రతినిధులు రాజ్యాంగం వచ్చేదాకా విడిపోమని ప్రమాణం చేసింది వెర్సాయ్‌లో ఇలాంటి టెన్నిస్ హాల్లోనే. గోడలకు, వాలు కప్పులకు బంతి కొట్టవచ్చు, ఒక్కో కోర్టు కొలత ఒక్కో తీరు, బంతులు చేత్తో కుట్టినవి. అన్నిటికంటే విచిత్రం, బంతి రెండోసారి నేలను తాకిన చోటును గుర్తు పెట్టుకోవడం. తరువాత పక్కలు మారి, ఆ చోటును మించి వెనుక గోడకు దగ్గరగా బంతిని పడేస్తేనే ఆ పాయింటు దక్కుతుంది. ఆట మొత్తం నేల మీదే ఆధారపడి ఉంటుంది. దాని ప్రపంచ చాంపియన్‌షిప్‌ను 1740 ప్రాంతం నుంచి లెక్కిస్తారు. ఏ ఆటలోనూ అంత పాత ప్రపంచ టైటిల్ లేదంటారు. ఆస్ట్రేలియాకు చెందిన రాబ్ ఫాహీ 1994 నుంచి 2016 దాకా సింగిల్స్ కిరీటాన్ని వదల్లేదు. డబుల్స్‌కు ప్రపంచ పోటీ 2001లో గానీ మొదలు కాలేదు. బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, ఆస్ట్రేలియా, ఈ నాలుగు దేశాల్లో కలిపి ఆడుతున్న కోర్టులు 50 ప్రాంతంలో ఉంటాయి. ఒక కోర్టు కట్టాలంటే మా దగ్గర జిన్నింగ్ మిల్లు కట్టినంత పని మరి.

ఆ గోడల మధ్య నుంచి ఆటను పచ్చిక మీదికి తెచ్చినవాడు మేజర్ వింగ్‌ఫీల్డ్. 1874లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మూడేళ్లకే, 1877లో, తొలి వింబుల్డన్ జరిగింది. అప్పుడు పురుషుల సింగిల్స్ ఒక్కటే, ఆడింది 22 మంది. ఆడవాళ్ల సింగిల్స్, మగవాళ్ల డబుల్స్ 1884లో వచ్చాయి. బ్రిటిషువాళ్లు ఆ ఆటను కంటోన్మెంట్లకు తెచ్చారు, మన క్లబ్బులు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి.

ఉన్ని బంతి ఆట, అంటే బాల్ బ్యాడ్మింటన్, మాత్రం మనదే. 1850ల్లో తంజావూరు రాజకుటుంబంలో మొదలైందని చెప్తారు. షటిల్ గాలికి కొట్టుకుపోతుంది, ఉన్ని చుట్టిన పసుపుపచ్చ బంతి పోదు. 27 నుంచి 30 గ్రాముల బరువు, అయిదు సెంటీమీటర్ల చుట్టుపక్కల అడ్డకొలత. చెట్టూ గోడా లేని మైదానంలో సాయంత్రం గాలిలో ఆడుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? జట్టుకు అయిదుగురు. ముందు ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనక ఇద్దరు. డబుల్స్ కూడా ఉంది. ఒకప్పుడు గేమ్‌కు 29 పాయింట్లు, తరువాత 35 చేశారు. మూడు గేముల్లో రెండు గెలిచినవాళ్లది ఆట. టెన్నిస్ సింగిల్స్ ఆడే జాగాలో ఇక్కడ పది మంది ఆడతారన్నది గమనించాలి. రాకెట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ ఉన్న బడిలో డ్రిల్లు సారుకు ఈ లెక్క బాగా తెలుసు. పది మంది కోర్టులో, ఇరవై మంది గీత బయట. ‘నీ పాయింటు పోయింది, దిగు’ అని అరిచేందుకు వాళ్లు.

ఈ ఆటకు జాతీయ సమాఖ్య 1954లో ఏర్పడింది. 1956లో జాతీయ చాంపియన్‌షిప్ హైదరాబాద్‌లోనే జరిగింది. అదే ఏడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా. ఆ ఏడాది రెండు ప్రాంతాల రాజకీయం గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి, ఈ పోటీ గురించి మాత్రం ఒక పేజీ కూడా కనపడదు.

ఇక మనిషి సంగతి. బాల్ బ్యాడ్మింటన్‌లో దేశం మొత్తమ్మీద మొదటి అర్జున అవార్డు ఎవరికి వచ్చిందో మా ఊరి పిల్లల్ని అడిగితే చెప్పలేరు. జమ్మలమడక పిచ్చయ్య గారికి, 1970లో. ఆయన 1918లో కోస్తాలో పుట్టినా స్థిరపడింది వరంగల్‌లో. రైలెక్కితే ఉప్పల్, హసన్‌పర్తి రోడ్ దాటి కాజీపేట, అక్కణ్నుంచి వరంగల్. మాకు గంట పైచిలుకు దూరం. ఆ తరువాత ఇదే ఆటలో జె. శ్రీనివాసన్‌కు 1972లో, ఎ. కరీమ్‌కు 1973లో అర్జున దక్కింది. పిచ్చయ్య గారు 2021 డిసెంబరు 26న వరంగల్‌లోనే కన్నుమూశారు. 103 ఏళ్లు నిండిన మనిషి. పేపర్లలో వార్త వచ్చింది, చదివి పక్కన పెట్టేశాం. క్రికెట్‌లో అయితే ఆయన పేరుతో ఈపాటికి స్టేడియం ఉండేది.

ఇంతకీ ఈ ఆట మా వైపు ఎలా వచ్చింది? కాజీపేట నుంచి మా ఊరి మీదుగా బల్లార్షా దాకా రైలు మార్గం 1929 నాటికి పూర్తయి దక్షిణాదిని ఢిల్లీతో కలిపింది. ఆ లైన్ పొడవునా రైల్వే కాలనీలు, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి, చివరికి సిర్పూరు కాగితం మిల్లు. జీతం నెలనెలా వచ్చే ఉద్యోగులు, వాళ్లకో రిక్రియేషన్ క్లబ్బు, సాయంత్రం ఒక నెట్టు. ఉన్ని బంతి మా వైపు పాకింది ఈ దారిలోనే అని నా ఊహ. పత్తి మూటలు రైలెక్కి పోతుంటే ఆటలు రైలు దిగి వచ్చాయి.

ఆడపిల్లల సంగతి వేరు. మా బడుల్లో వాళ్ల చేతికి రింగు ఇచ్చేవారు. రింగ్ టెన్నిస్‌ను తక్కువగా చూడటం మగవాళ్ల అలవాటు, దానిలో న్యాయం లేదు. నిజమైన సింగిల్స్ అంటే ఏమిటో మా ఊరికి నేర్పింది ఆ రబ్బరు రింగే. ఉన్ని బంతి జట్టు ఆట, తప్పు చేస్తే పక్కవాడి మీదికి తోయొచ్చు. రింగు సింగిల్స్‌లో పట్టుకోవాల్సింది, విసరాల్సింది ఒక్కరే, అదీ ఒకే చేత్తో. పట్టిన చేత్తోనే వెంటనే వదలాలి, పైనుంచి కిందికి కొట్టకూడదు. ఓడల మీద ప్రయాణికులు ఆడుకున్న ఆట నుంచి 1920ల్లో జర్మనీలో హెర్మన్ ష్నైడర్ దీన్ని పోటీ ఆటగా తీర్చిదిద్దాడు. దాని మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 2006లో చెన్నైలో జరిగింది. లంగా ఓణీ కట్టుకుని, జడ చుట్టి పైకి కట్టుకుని, సున్నం గీత దగ్గర నిలబడి ఆడిన ఆడపిల్లలు ఇవాళ నానమ్మలు, అమ్మమ్మలు. వాళ్ల సర్టిఫికెట్లు పెళ్లిళ్ల తరువాత ఏ అటక ఎక్కాయో.

తెలుగునేల మీద అసలైన టెన్నిస్ పండుగ మేం టీవీలో చూశాం. 2003 నుంచి 2005 దాకా వరుసగా మూడేళ్లు హైదరాబాద్ ఓపెన్ జరిగింది. మహిళల ప్రపంచ సర్క్యూట్ పోటీ అది, సిమెంటు లాంటి గట్టి కోర్టు మీద. 2003లో థాయ్‌లాండ్ అమ్మాయి తమారిన్ తనసుగర్న్, 2004లో ఆస్ట్రేలియా నుంచి నికోల్ ప్రాట్ సింగిల్స్ గెలిచారు. ఆ 2004లోనే సానియా మీర్జా, దక్షిణాఫ్రికాలో పుట్టిన లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ కొట్టింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అలోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి సింగిల్స్ కూడా గెలిచింది. ఆ స్థాయిలో సింగిల్స్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. మా ఊళ్లో ఆ వారం పత్తి రేటు తరువాత ఎక్కువ చర్చ ఆ మ్యాచ్ మీదే అయింది. పదేళ్లకు, 2015లో, మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ కూడా సాధించింది. ఆ మధ్యలో చాలామంది తండ్రులు పిల్లలకు రాకెట్లు కొనిచ్చారు. కోర్టు లేని ఊళ్లో రాకెట్టు కొంతకాలం గోడకు వేలాడి, తరువాత క్రికెట్ బ్యాటుకు చోటిచ్చింది. ఆ పిల్లల తప్పు ఏమీ లేదు, బంతి ఎగిరే నేల లేదు.

అందుకే నా అభిప్రాయం ఒకటి సూటిగా చెప్తాను. చిన్న ఊళ్లో ఆటల అభివృద్ధి అంటే సింథటిక్ టెన్నిస్ కోర్టు కట్టిస్తామని హామీలిచ్చే నాయకుల మాటలు వినొద్దు. కట్టినా రెండేళ్లకు దాని మీద పగుళ్లొస్తాయి, తాళం పడుతుంది. ఈ నేల ఒప్పుకున్న ఆటలు రెండున్నాయి. వాటిలో డబుల్స్ ఉంది, సింగిల్స్ ఉంది, జాతీయ పోటీలున్నాయి, స్కూలు స్థాయి పోటీలున్నాయి.

జమ్మికుంటలో, ఇల్లందకుంటలో, వీణవంకలో, హుజూరాబాద్‌లో ఏ ఇంట్లోనైనా పాత బాల్ బ్యాడ్మింటన్ షీల్డు, రింగ్ టెన్నిస్ సర్టిఫికెట్, జట్టు ఫోటో ఉంటే దయచేసి బయటికి తీయండి. ఫోటో వెనక పేర్లు, సంవత్సరం, బడి పేరు పెన్సిలుతో రాయండి. ఒక నకలు మన గ్రంథాలయంలో ఇవ్వండి. వచ్చే వేసవి సెలవుల్లో మీ బడికి ఒక నెట్టు, రెండు స్తంభాలు, అరడజను పసుపు ఉన్ని బంతులు, నాలుగు రింగులు కొనిపెట్టండి. గీతలకు సున్నం నేను తెస్తాను.