వెనక సీట్లోంచి చూస్తే కార్ల చరిత్ర

కార్ల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా స్టీరింగ్ ముందు కూర్చునే రాస్తారు. ఇంజను బలం ఎంత, పికప్ ఎలా ఉంది, మైలేజీ ఎంత ఇస్తుంది, ఇవే వాళ్ళ కబుర్లు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళు కూర్చునేది మాత్రం వెనక సీట్లో. ఆరు నెలల కిందట మేము ఒక చిన్న ఎస్‌యూవీ కొన్నాం. అప్పట్నుంచీ, వెనక సీటు వైపు నుంచి ఈ చరిత్ర చెప్పుకుంటే ఎలా ఉంటుందా అనిపిస్తోంది.

మొదట చెప్పుకోవాల్సింది అంబాసిడర్ గురించే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. 1950ల చివర్లో మొదలై 2014 దాకా నడిచింది. వెనక చక్రాలకి లారీల్లోలా కమాన్ పట్టీలే. అయినా సీటు సోఫాలా ఉండేది, కూర్చునే ఎత్తు సరిపోయేది. పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురు తల వంచకుండా, కుచ్చిళ్ళు నలగకుండా ఎక్కి కూర్చోగలిగేది. పక్కన ముగ్గురు, ఒళ్ళో ఇద్దరు ఎక్కినా ఆ బండి నోరెత్తేది కాదు.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందాయి. 796 సీసీ ఇంజనున్న ఆ బుల్లి కారు మధ్యతరగతి ఇంటి ముందుకి కారును తెచ్చింది. చాలామంది ఆడవాళ్ళు డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. తేలికైన బండి, ఇరుకు సందులో కూడా తిరిగేది. కానీ సీటు కిందకి ఉండేది. వయసులో ఉన్నవాళ్ళకి పట్టింపు లేదు. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళకి మాత్రం అందులోంచి లేవడమంటే బావిలోంచి పైకి రావడమే. తర్వాత వచ్చిన చిన్న కార్లలోనూ చాలావాటిది ఇదే తీరు.

ఎత్తు కావాలంటే జీపుల్లాంటివి ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చిన కాలం నుంచీ మహీంద్రావాళ్ళు విల్లీస్ జీపులు బిగించేవారు. 1994లో టాటా సుమో వచ్చింది. ఎద్దుబండిలాగే వీటికీ కింద చట్రం వేరు, పైన తొట్టి వేరు. గట్టి బండ్లే, కాదనను. కానీ జీపులో వెనక ఎదురుబొదురుగా ఉండే బెంచీల మీద కూర్చుని మట్టిరోడ్డున పోతే నడుము ఏమయ్యేదో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

ఈ రెండు దారుల్నీ కలిపింది ఒక పన్ను లెక్క అంటే నమ్ముతారా? 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజనైతే 1200, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. దాంతో కంపెనీలు ఆ కొలతకి తగ్గట్టు కార్లు కుట్టడం మొదలుపెట్టాయి. పొడవు పెంచడానికి లేదు కనక పైకి పెంచారు. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతి విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్ వచ్చాయి. 2020లో మన పెనుకొండ దగ్గర తయారైన కియా సోనెట్ కూడా వచ్చింది. చూడ్డానికి జీపు వంశం, లోపల కారు నిర్మాణం. వీటికి వేరే చట్రం ఉండదు, గుడ్డు పెంకులా ఒంటి మొత్తం ఒకటే.

మా అత్తయ్యగారు మూడేళ్ళుగా ఊళ్ళు వెళ్ళడం మానేశారు. "నాకెందుకమ్మా, మీరు వెళ్ళి రండి" అనేవారు. వయసు మీద పడి ఓపిక తగ్గిందనుకున్నారు అందరూ. కొత్త కారు సీటు ఆవిడ నడుము ఎత్తుకి కాస్త కింద ఉంటుంది. వంగక్కర్లేదు, ఎగబాకక్కర్లేదు, పక్కకి తిరిగి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు. మొన్న కార్తీకమాసంలో వాళ్ళ చెల్లెలి ఊరు తీసుకెళ్ళమని తనే అడిగారు. ఓపిక ఎప్పుడూ ఉంది, అడ్డం వచ్చింది సీటు ఎత్తే.

అలాగని అంతా పూలపాన్పు కాదు. ఎత్తయిన బండి మలుపుల్లో ఊగకుండా స్ప్రింగులు కాస్త గట్టిగా పెడతారు. అందుకే హైవే మీద నిమ్మళంగా పోయే బండి, కాలనీలో స్పీడు బ్రేకర్ల మీద మెల్లగా వెళ్ళినప్పుడు కుదుపుతుంది. ఈ తరహా కార్లలో చాలావాటికి వెనక రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే కడ్డీ ఉంటుంది. ఒక చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ రెండో వైపుకీ తెలుస్తుంది. మధ్యలో కూర్చున్న మా అబ్బాయికి వీపు కింద దిండు పెట్టాల్సి వచ్చింది. ఖరీదైన మోడల్లో చక్రాలు పెద్దవి, టైరు రబ్బరు మందం తక్కువ, కుదుపు ఎక్కువ. మేము కింది మోడల్ తీసుకోవడం ఇలా కలిసొచ్చింది.

ఇంకో చిన్న చిట్కా. ఏ టైరులో ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే ఆ పక్కన చీటీ మీద ఉంటుంది. గాలి కొట్టే కుర్రాళ్ళు అలవాటు కొద్దీ ఎక్కువ పట్టించేస్తారు. చీటీ ప్రకారం పెట్టించాక సగం కుదుపు తగ్గింది.

రక్షణ సంగతీ వెనక సీటు కళ్ళతోనే చూడాలి. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నెక్సాన్‌కి పెద్దవాళ్ళ రక్షణలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. కానీ బెల్టు పెట్టుకోకపోతే ఏ నక్షత్రమూ కాపాడదు. 2022లో సైరస్ మిస్త్రీ పోయినప్పుడు ఆయన వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అత్తయ్యగారు మొదట్లో "పైట నలుగుతుందే" అన్నారు. ఇప్పుడు బెల్టు కింద మెత్తటి తుండు మడిచి వేసుకుంటున్నారు.

మీ ఇంట్లో కారు కొనే మాట వస్తే షోరూముకి మీరూ వెళ్ళండి. చీర కట్టుకునే వెళ్ళండి. ఇంట్లో పెద్దావిడని వెంటబెట్టుకెళ్ళి, రెండుసార్లు ఎక్కించి దింపి చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో వెనక మధ్యలో కూర్చుని, మీ వీధిలోని గుంటల మీదుగానే పోనివ్వమనండి. ఇంజను సంగతి ఇంట్లో మగవాళ్ళు ఎలాగూ చూసుకుంటారు.