ఒకే గేరు, ఉదయగిరి దారి

ఇటీవల ఆత్మకూరు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు తన పాత మౌంటెన్ బైకును తెచ్చి నా ముందు నిలబెట్టాడు. గేర్లు మార్చే యంత్రం పాడైపోయింది. దాన్ని పూర్తిగా తీసేసి, ఒకే గేరుతో ఉదయగిరి దాకా తొక్కాలని వాడి సంకల్పం. "మామయ్యా, ముందు ఎన్ని పళ్ళు, వెనక ఎన్ని పళ్ళు పెట్టించమంటారు?" అని అడిగాడు. చిన్న ప్రశ్నే. జవాబు వెదకబోతే అది నూట ముప్పయ్యేళ్ళకు పైబడిన చరిత్రలోకి తీసుకుపోయింది. ఆ ముచ్చట మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

పూర్వపు ఎత్తు చక్రపు సైకిలుకు చైను లేదు. పెడళ్ళు ముందుచక్రపు ఇరుసుకే బిగించి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. అది ఎంత పెద్దది కావచ్చునో తొక్కేవాడి కాలి పొడవు నిర్ణయించేది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు, చైను సాయంతో ఈ బంధాన్ని తెంచివేసింది. కొలత మాత్రం పాతదే నిలిచిపోయింది. ముందు పళ్ళ సంఖ్యను వెనుక పళ్ళతో భాగించి, చక్రపు వ్యాసంతో హెచ్చవేస్తే వచ్చే అంగుళాలే గేరు. అంటే మన సైకిలు ఎంత ఎత్తు చక్రానికి సమానమో తెలిపే సంఖ్య అన్నమాట.

మన తండ్రులు, తాతలు తొక్కిన నల్ల సైకిలు ఆంగ్లేయుల రోడ్‌స్టర్‌కు వారసురాలే. 28 అంగుళాల చక్రం, ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు దానికి పరిపాటి. లెక్క కడితే 68 అంగుళాలు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. నెల్లూరు చుట్టుపక్కల పెన్నా మాగాణి మధ్య చదును రోడ్ల మీద ఇంతకన్న హాయి లేదు. వెలిగొండల దిక్కుగా మెట్టభూముల్లోకి సాగితే కథ మారుతుంది.

చిన్ననాట మా నాన్న నన్ను వెనుక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని పోతూ, మిట్ట వచ్చిన ప్రతిచోటా దిగి సైకిలు నడిపించేవారు. ఆయనకు బలం చాలదని లోలోపల చిన్నబుచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు లెక్క వేసి చూశాను. మనిషి, పిల్లవాడు, సైకిలు కలిసి వంద కిలోలనుకుందాం. నూరడుగులకు అయిదడుగులు లేచే మిట్ట మీద, గాలినీ టైరు రాపిడినీ వదిలేసినా, ఆ గేరుతో పెడలు మీద సగటున పాతిక కిలోల ఒత్తిడి ఎడతెగకుండా పడాలి. 52 అంగుళాల గేరు ఉంటే పందొమ్మిది కిలోలు చాలు. లోపం నాన్న కాళ్ళలో లేదు, పళ్ళచక్రంలో ఉంది.

దిగడం ఆయన ఒక్కరికే తప్పనిది కాదు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో 1937 వరకు గేరు మార్చే యంత్రాన్ని అనుమతించలేదు. అంతకు ముందు పందెగాళ్ళు వెనుకచక్రానికి రెండు వైపులా వేర్వేరు పళ్ళచక్రాలు బిగించుకుని, కొండ మొదట్లో దిగి, చక్రాన్ని ఊడదీసి తిప్పి పెట్టుకునేవారు. 1970లలో కాలిఫోర్నియాలోని టమల్పాయిస్ కొండ మీద మౌంటెన్ బైకుకు బీజం వేసిన యువకులవీ మొదట్లో ఒకే గేరున్న లావు టైర్ల పాత సైకిళ్ళే. వాటిని నెట్టుకుంటూనో, బండ్ల మీద వేసుకునో పైకి చేర్చి, కిందికి దూసుకువచ్చేవారు. ఎక్కడానికి గేర్లు ఆ తర్వాత వచ్చి చేరాయి. 1990లలో కొందరు విసిగి మళ్ళీ ఒకే గేరుకు మళ్ళినప్పుడు, 26 అంగుళాల చక్రానికి ముందు పళ్ళు వెనుక పళ్ళకు రెట్టింపు ఉండాలనే వాడుక స్థిరపడింది. అదే ఈ 52 అంగుళాలు.

ఉదయగిరి ఎత్తు చరిత్రకెక్కిన ఎత్తు. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి ప్రారంభించి, గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని 1514లో వశపరచుకున్నాడు. మనుషులు ఒక్కొక్కరుగా మాత్రమే పోగల ఇరుకు దారి ఉన్నచోట, బండలు పగలగొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ వ్రాశాడు. రాయలు కొండను తన సేనకు తగినట్టు మార్చుకోగలిగాడు. మన చేతిలో ఉన్నది రెండు పళ్ళచక్రాలే.

మేనల్లుడికి చివరకు ఇలా చెప్పాను. ముందు 32, వెనుక 16తో మొదలుపెట్టు. వట్టి సైకిలు మీద కాక, నిజంగా మోసుకుపోయే సామానుతో, నీకు తెలిసిన అన్నిటికన్న కష్టమైన మిట్ట ఎక్కి చూడు. మోకాళ్ళు మొరాయిస్తే వెనుక 18 వేయించు. 46 అంగుళాలకు దిగుతుంది. చదునులో కాళ్ళు ఊరికే గిరగిరా తిరుగుతాయి, ఓర్చుకోవాలి. చైను వదులు కాకుండా చూసుకో. ఒకే గేరును ఎంచుకోవడమంటే ఎక్కడ దిగాలో ముందుగానే ఒప్పుకోవడం. దిగవలసి వస్తే సిగ్గుపడకు, మీ తాతగారూ దిగేవారు.

మీ ఇళ్ళలో పాత నల్ల సైకిలు ఉంటే ఒకసారి దాని పళ్ళు లెక్కపెట్టి చూడండి. మీ నాన్నగారు ఏ మిట్ట దగ్గర దిగేవారో గుర్తుంటే అదీ చెప్పండి.